పోయినవాడి పేర నలభై పూటలు

ముందు పోయినవన్నీ లెక్క వేస్తాను.

అరకల ఎద్దులు పోయాయి. దుక్కి గుర్రాలు, పాడి ఆవులు, గొర్రెల మందలు పోయాయి. గాదెల్లో గోధుమలు, ఓట్స్ గింజలు పోయాయి. పిండిమరలు, చేపల మడుగులు, పొలాలు పోయాయి. ప్రార్థన మందిరాల్లో వెండి గిన్నెలు, పూజ వస్త్రాలు, కొద్దిపాటి పుస్తకాలు పోయాయి. కత్తులూ కవచాలూ కూడా పోయాయిగానీ అవి చాలా తక్కువ. సైనికుల ఇళ్లలో వెతికితే రైతుల సామాను దొరికింది.

ఈ నష్టం టెంప్లర్లది. పద్నాలుగో శతాబ్దం మొదట్లో ఒక చలికాలపు రోజున ఇంగ్లండు రాజు మనుషులు ఐర్లండులో ఉన్న వాళ్ల ఇళ్లన్నిటి మీదా పడి, మనుషుల్ని పట్టుకుని, ఉన్న సరుకంతా స్వాధీనం చేసుకున్నారు. తెల్ల అంగీ మీద ఎర్ర శిలువ వేసుకుని, సన్యాసుల్లా ఆస్తీ పెళ్లీ వదులుకుని, సైనికుల్లా కత్తి పట్టిన సంఘం అది. యెరూషలేము యాత్రికులను కాపాడతామని మొదలైంది. అంత దూరంలో జరిగే యుద్ధానికి ఖర్చు కావాలి గనక ఇక్కడ, ఐర్లండులో, సేద్యం చేయించి రాబడి పంపేవాళ్లు. పట్టుబడినవాళ్లలో చాలామంది వయసు మళ్లినవాళ్లే. వాళ్లను డబ్లిన్‌లో విచారించారు. మతద్రోహం ఒప్పుకోమన్నారు. ఒప్పుకోలేదు. నేరం రుజువు కాలేదు. అయినా కొన్నేళ్లకు పోపు ఆ సంఘాన్నే రద్దు చేశాడు. భూములు అలాంటిదే ఇంకో సన్యాసి సైనికుల సంఘానికి పోయాయి.

ఇంతవరకూ నేను చదివిన పుస్తకాలన్నిటిలో ఉంది. ఏ పుస్తకంలోనూ కూడి చూపించని నష్టం ఒకటుంది. అది భోజనాలు.

ఆ సంఘం నియమాల్లో ఒకటి ఇలా ఉండేది. ఒక సోదరుడు చనిపోతే, బతికుంటే ఆయన ముందు ఏం వడ్డించేవాళ్లో అదే తిండి, అదే కొలతలో, నలభయ్యో రోజు దాకా ఒక పేదవాడికి పెట్టాలి. కంచం ఖాళీగా ఉండకూడదు. మరి సంఘమే లేకుండా పోయాక, ఖైదులోనూ తర్వాతా కన్నుమూసిన ఆ ముసలివాళ్ల పేర ఎవరు పెట్టారు? మనిషికి నలభై చొప్పున పూటలు అలాగే నిలిచిపోయాయి. రాజు మనుషులు గొర్రెపిల్లల్ని కూడా లెక్కపెట్టారు, వీటిని మాత్రం వదిలేశారు.

ఈ సంగతి నాకు చెప్పినవాడు మా పక్కింటి పెద్దాయన.

మేముండేది ఇక్కడే, డబ్లిన్‌కు దగ్గర్లో నేస్ అనే ఊళ్లో. మా ఆవిడ ఇక్కడ ఆసుపత్రిలో డాక్టరు. నేను పదో తరగతితో చదువు ఆపి, రైసుమిల్లులో కాటా దగ్గర నిలబడి లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు ఊరి చివర గోడౌన్‌లో సరుకు లెక్క చూస్తాను. పెద్దాయన ముప్పై ఏళ్లు పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. డబ్లిన్ పక్కన స్వోర్డ్స్ అనే ఊళ్లో అన్న కూతురు ఒకామె ఉంది, విమానాశ్రయంలో పనిచేస్తుంది. అంతకుమించి మనుషులు లేరు.

ఆయనతో స్నేహం గింజల దగ్గర మొదలైంది. ఒకరోజు కంచె మీదుగా ఒక కాగితం చాపి, "నువ్వు లెక్కల మనిషివట కదా, ఇది చూడు," అన్నాడు. ఒక టెంప్లర్ల ఇంట్లో పట్టుకున్న ధాన్యం వివరం అది. కొలత పేరు క్రానక్.

"ఒక క్రానక్ అంటే ఎంత?" అన్నాను.

"అదే నా బాధ. ఊరికో రకంగా కనిపిస్తోంది."

"మా వైపు కుంచం కూడా అంతే. ఒక ఊరి కుంచంతో ఇంకో ఊరి ధాన్యం కొలిస్తే తలలు పగిలేవి."

ఆయనకు అది చాలా నచ్చింది. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అని చెప్తే నోట్లో తిప్పుకుంటూ పలికాడు. క్రానక్‌ను పుట్టిలోకి మార్చే పని మాకు ఆ చలికాలమంతా సరిపోయింది. క్రానక్‌ను ఎంత చిన్నదిగా పట్టుకుని లెక్క వేసినా ఒక సంగతి మాత్రం మారలేదు. ఆ ఇంట్లో ఉన్న కొద్దిమంది తినడానికి అంత గింజ అక్కర్లేదు. పనివాళ్లకూ విత్తనానికీ తీసేసినా మిగులుతుంది.

"మిగిలింది ఎక్కడికి పోయేది?" అని అడిగాను.

"కొంత యుద్ధానికి. కొంత గుమ్మం ముందుకి. రొట్టెలో పదో వంతు పేదవాళ్లది వాళ్ల నియమంలో." అప్పుడే నలభై రోజుల సంగతి కూడా చెప్పాడు. చెప్పి, టీ కప్పు కింద పెట్టి, "నాకూ ఎవరైనా అలా పెడితే బాగుండును. మా వాళ్లు నెలయ్యాక ఒక పూజ పెట్టించి, సాండ్‌విచ్‌లు తిని వెళ్లిపోతారు," అన్నాడు.

"నేను పెడతాను," అన్నాను.

"నలభై?"

"నలభై."

"ముప్పై తొమ్మిదైతే లేచి వస్తాను, చూసుకో."

నవ్వుతూనే అన్నాడు. కానీ చెయ్యి చాపాడు. నేను చెయ్యి కలిపాను. కాటా దగ్గర పనిచేసినవాడికి ఆ తర్వాత ఇంకో మాట ఉండదు.

మా ఇద్దరికీ కారు షికారు ఒకటే, కిల్టీల్. నేస్‌కు దగ్గరే. అక్కడ పాత కోట బురుజు ఒకటి ఇంకా నిలబడి ఉంది. అది టెంప్లర్లది కాదు, ఆ రెండో సంఘానిది. పెద్దాయన కారులోంచి దిగి దాని వంక ఎప్పుడూ కోపంగానే చూసేవాడు. "భూములు తీసుకున్నారు సరే, పూటలు కూడా తీసుకోవాలి కదా? పొలం కొన్నవాడు దాని మీద ఉన్న బరువు కూడా మొయ్యాలి. మీ దేశంలో ఎలాగ?"

"మా దేశంలోనూ అంతే. కోర్టుకు పోతే మనవళ్ల దాకా సాగుతుంది."

"నాకు మనవళ్లు లేరే," అన్నాడు.

చివరి చలికాలం ఆయన వంట మానేశాడు. చేతులు వణికేవి. మా ఆవిడ డ్యూటీకి వెళ్లే ముందు ఒక డబ్బా కట్టేది, నేను కంచె మీదుగా అందించేవాణ్ణి. చారు తాగడం బాగా అలవాటైంది ఆయనకి. జలుబుకి మీ ఆసుపత్రి మందులకంటే ఇదే మేలని మా ఆవిడతోనే అనేవాడు. "ఆ మాట మా కన్సల్టెంట్ ముందు అనకండి," అనేది ఈమె.

మార్చిలో ఒక మంగళవారం పోయాడు. ఆయన శరీరాన్ని ఇంట్లోనే ఉంచారు, పక్క వీధుల వాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు, శుక్రవారం సమాధి చేశారు. ఆ నాలుగు రోజులూ ఇంటి నిండా మనుషులు, బల్ల నిండా తిండి. నేను మాత్రం నాలుగు పూటలు దాటిపోయాయని లెక్కేసుకుంటూ తిరిగాను. మన లెక్కలో పోయిన రోజే మొదటి రోజు. అన్న కూతురితో చెప్తే, సమాధి నుంచి లెక్కపెట్టుకోవచ్చు కదా అంది. ఆమె మంచి మనిషి. వీణ్ణి నొప్పించకూడదు అన్నట్టు మెల్లగా మాట్లాడుతుంది. నేను రోజులు లెక్కపెట్టడం లేదమ్మా, పూటలు లెక్కపెడుతున్నాను అన్నాను. నాలుగు వెనకబడితే ఆ నాలుగూ చివర కలుస్తాయి, అంతే.

శనివారం పొద్దున మా వంటింట్లో మొదటి గొడవ వచ్చింది.

"బతికుంటే ఏం తినేవాడో అదే పెట్టాలి. ఆయన తినేది బేకనూ క్యాబేజీ," అన్నాను.

"నా పెనం మీద పంది మాంసం వండితే ఆ పెనం మీతో పాటు గరాజ్‌లోనే ఉంటుంది."

"నియమం అది. నేను పెట్టింది కాదు."

మా ఆవిడ చెయ్యి కడుక్కుని నా వైపు తిరిగింది. "ఏమండీ, చివరి మూడు నెలలూ ఆయన తిన్నదేమిటి? నా చారు, నా పప్పు, మీరు మాడ్చిన బంగాళాదుంప వేపుడు. మరి అదే కదా ఆయన తిండి?"

లెక్క ఆమెదే సరైంది.

రెండో చిక్కు పేదవాడు. ఈ దేశంలో పేదవాడు దొరకడం కష్టం. ఉండక కాదు, ఆ మాట ఎవరూ ఒప్పుకోరు. నిరాశ్రయుల కేంద్రం ఒకదానికి ఫోన్ చేస్తే, ఇంట్లో వండింది తీసుకోము, నియమాలు ఒప్పుకోవు అన్నారు. మీ నియమం ఎన్నాళ్లది అని అడిగాను. ఎందుకు అన్నారు. మాది తొమ్మిది వందల ఏళ్లనాటిది అన్నాను. ఫోన్ పెట్టేశారు.

చివరికి ఆ సాయంత్రం కాలవ గట్టున, పడవలు ఆగే చోట, పాత కారులో ఉంటున్న మనిషి కనిపించాడు. యాభై దాటి ఉంటుంది. వెనక సీటు నిండా దుప్పట్లు, ముందు అద్దం మీద ఆరేసిన తువ్వాలు. అద్దం కొట్టి విషయం చెప్పాను. మొత్తం విన్నాడు.

"అంటే నేను పేదవాణ్ణా?"

"అవునా కాదా అని నేను అడగడం లేదు. భోజనం తెచ్చాను, తింటారా అంటున్నాను."

"నేను పేదవాణ్ణి కాను. ఇల్లు లేదు, అంతే. ఆ చచ్చిపోయినవాళ్లు కత్తులు పట్టుకుని తిరిగే పాదిరీలన్నావు. నేను తినకపోతే వాళ్లొచ్చి నన్నేమైనా చేస్తారా?"

"చెయ్యరు. పోస్ట్‌మాన్‌గా చేసిన మా పక్కింటాయన మాత్రం లేచి వస్తానన్నాడు."

"ఎవరు, ఆ పోస్ట్‌మానా?" పెద్దాయన్ను ఎరుగునట. చిన్నప్పుడు వాళ్ల ఇంటికి ఉత్తరాలు తెచ్చేవాడట. డబ్బా మూత తీసి వాసన చూశాడు. "ఇందులో సాసేజి దొరికే అవకాశం ఏమన్నా ఉందా?"

"లేదు."

"సరేలే," అని చెంచా తీసుకున్నాడు.

అలా మొదలైంది. రోజూ గోడౌన్ నుంచి వస్తూ ఆరింటికి కాలవ దగ్గర ఆగేవాణ్ణి. మొదటి వారం చారుకి కళ్లలో నీళ్లు తిరిగాయి ఆయనకి. రెండో వారానికి పచ్చిమిరపకాయ పక్కకు తీసి పెట్టుకుని చివర్లో తినడం నేర్చుకున్నాడు. ఎలా ఉందంటే ఎప్పుడూ ఒకటే జవాబు, "గ్రాండ్." బాగున్నా గ్రాండే, ఉప్పు ఎక్కువైనా గ్రాండే. ఒకరోజు మా ఆవిడకు డ్యూటీ ఎక్కువై నేనే వండాను. ఆ రోజు మాత్రం, "ఇవాళ సన్యాసులకు ఉపవాసమా?" అన్నాడు.

ఈ సంగతి మన తెలుగువాళ్లలో పాకింది. ఒక ఆదివారం ఉగాదికి అందరం హాల్లో కలిసినప్పుడు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే ఒకాయన, చదువుకున్నవాడు, నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఏమీ అనుకోకు. వాళ్లు మతం పేర మనుషుల్ని నరికినవాళ్లు. వాళ్ల ఆచారం మనమెందుకు మొయ్యాలి?"

"నరికారు. ఆ లెక్క నేను కొట్టెయ్యడం లేదు. అది వేరే కాగితం."

"మరి?"

"ఒకే కాగితం మీద రెండూ రాసి, ఒకదాన్లోంచి ఒకటి తీసేసి, మిగిలింది సున్నా అనడం నాకు రాదు. నరికింది నరికిందే. పెట్టాల్సింది పెట్టాల్సిందే."

"నువ్వు చేస్తే మాత్రం వాళ్లకు చేరుతుందా?"

"వాళ్లకు చేరాలని కాదు తమ్ముడూ. కాలవ దగ్గర మనిషికి ఆరింటికి ఆకలేస్తుంది. వాళ్ల నియమంలో నాకు నచ్చింది అదే. పోయినవాడి పేర రాయి పాతమనలేదు, ఆకలి ఉన్నవాడి ముందు కంచం పెట్టమన్నారు."

ఆయన పులిహోర తినడానికి వెళ్లిపోయాడు. నేనూ తిన్నాను. సాయంత్రం ఆ పులిహోరే డబ్బాలో పెట్టుకుని కాలవకు వెళ్లాను. పోయిన ఉగాదికి పెద్దాయన కూడా పులిహోర తిన్నాడు గనక నియమం తప్పలేదు.

ఇరవై ఆరో పూట బుధవారం. కారు శుభ్రంగా ఉంది. దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి. మనిషి గడ్డం గీసుకుని ఉన్నాడు.

"గది దొరికింది. అత్లోన్‌లో. మా తమ్ముడు అక్కడే ఉంటాడు. రేపు పొద్దున్నే వెళ్లిపోతాను."

సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ నా మొహంలో ఇంకో సంగతి కూడా కనబడినట్టుంది.

"ఎన్ని మిగిలాయి?"

"పద్నాలుగు."

"ఇంకెవరికైనా పెట్టు. ఈ ఊళ్లో నేనొక్కణ్ణేనా?"

"నియమంలో ఒక పేదవాడు అని ఉంది. సగం ఒకరికి, సగం ఒకరికి అని లేదు."

"ఇప్పుడు నాకు ఇల్లుంది కదయ్యా. నువ్వన్నట్టు పేదవాణ్ణి కూడా కాను."

"ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు. ఇల్లు లేకపోయినా పేదవాణ్ణి కానన్నది మీరే. ఇల్లొచ్చినా మీరు మీరే."

ఆయన డబ్బా కడిగి, తువ్వాలుతో తుడిచి నా చేతికిచ్చాడు. "పోస్ట్‌మాన్ నీతో ఎలా వేగాడో," అన్నాడు. అత్లోన్ చిరునామా మాత్రం చెప్పాడు.

ఆ ఆదివారం చర్చిలో పెద్దాయన పేర నెల పూజ. ఇక్కడివాళ్ల ఆచారంలో మనిషి పోయి నెలైనప్పుడు అది చేస్తారు. పూజయ్యాక హాల్లో టీ, సాండ్‌విచ్‌లు. ఆయన చెప్పినట్టే. అన్న కూతురు నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు చాలా చేశారు. నెల అయిపోయింది. ఇంక చాలు. మీ ఆవిడక్కూడా కాస్త విశ్రాంతి."

"ఇరవై ఆరు అయ్యాయమ్మా."

"ముప్పై అనుకోండి. ఆయన ఏమీ అనుకోడు, నాకు తెలుసు."

"ఇరవై ఆరును ముప్పై అనుకోవడం నాకు రాదు. ముప్పైని నలభై అనుకోవడం అసలు రాదు."

ఆమె నవ్వింది, తర్వాత నవ్వు ఆపింది. "నలభై రోజులు దాటిపోతే?"

"దాటిపోనివ్వండి. తేదీ దాటినంత మాత్రాన మాట చెల్లిపోతే, ఆ ముసలి సన్యాసులకు జరిగింది కూడా సరైనదే అవుతుంది. వాళ్ల విషయంలో అందరూ అన్నదదే కదా. సంఘం లేదు, రోజులు దాటాయి, ఇంక చాలు అని. నేను అనను."

కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. పక్క బల్ల దగ్గరున్న ఇద్దరు ఇటు చూశారు. ఆమె నా చేతులు వదల్లేదు. "మా బాబాయి మిమ్మల్ని ఊరికే ఎంచుకోలేదు," అంది.

కారెక్కాక మా ఆవిడ సీటు బెల్టు పెట్టుకుంటూ, "నాకు విశ్రాంతి కావాలని ఆమెకెవరు చెప్పారు? శనివారం మధ్యాహ్నం నాకు డ్యూటీ లేదు. అత్లోన్ ఎంత దూరం?" అంది.

గంటకు పైగా కారు దారి, రోజూ వెళ్లడానికి వీలుకాదు. శనివారాలు వెళ్తున్నాం. ఒక శనివారానికి ఒక పూటే. ఒకేసారి నాలుగు డబ్బాలు ఇచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకో అంటే తొందరగా తేలిపోతుందని గోడౌన్‌లో ఒకాయన సలహా ఇచ్చాడు. సరుకైతే అలాగే చేసేవాణ్ణి. ఇది కంచం. ఒక మనిషి కూర్చోవాలి, ఇంకో మనిషి వడ్డించాలి, తినడం అయ్యేదాకా ఉండాలి.

మొదటి శనివారం ఆయన తలుపు తీసి మమ్మల్ని చూసి, లోపలున్న తమ్ముడితో, "వచ్చారురా, ఆ సన్యాసుల వాళ్లు," అన్నాడు. కిందటి వారం బల్ల చుట్టూ మూడు కుర్చీలు వేసి ఉంచాడు, తాను సొంతంగా సాసేజీలు వేయించి పెట్టాడు. అవి లెక్కలోకి రావని చెప్పాను. "నీ లెక్కలో రాకపోతే నా లెక్కలో వేసుకుంటాను, కూర్చో," అన్నాడు. మా ఆవిడ ఒకటి తిన్నది. ఇంట్లో పెనం మీద కాదు కదా అంది.

ఇప్పటికి మూడు శనివారాలు వెళ్లాం. ఇంక చాలని ఎవరన్నా, ఎన్నిసార్లన్నా, నా దగ్గర ఉన్న అంకె మారదు. పెద్దాయన పేర ఇంకా పెట్టాల్సినవి పదకొండు పూటలు.